ఒంటిచేతి వేటగాడికి ఒర

ఒమాన్‌లో ఏం పని చేశావని మా ప్రొద్దుటూరులో ఎవరైనా అడిగితే తోలు పని అంటాను. చెప్పులా అంటారు. కాదు, గుర్రం జీనులు, కళ్లేలు, నడుము పట్టీలు, కత్తి ఒరలు, అప్పుడప్పుడు తుపాకీ ఒరలు అంటాను. ఆ చివరి మాట దగ్గర ఎదుటివాడి కుర్చీ ఇంకాస్త ముందుకు జరుగుతుంది. నిజం చెప్తే వాళ్ళకు నిరాశ. నేను పని చేసినంత కాలం మా వర్క్‌షాపు గడప లోపలికి అసలు తుపాకీ ఒక్కటి కూడా రాలేదు. మా యజమాని రానివ్వలేదు. "ఒర కుట్టడానికి కొలత చాలు, తుపాకీ అక్కర్లేదు" అనేవాడు.

ఈ మధ్య గల్ఫ్‌కు తోలు పని మీద వెళ్తున్న పిల్లలు ఫోన్ చేసి ఏ మిషను, ఏ దారం, ఏ సూది అని అడుగుతున్నారు. అవి అక్కడికి వెళ్ళాక వాటంతటవే తెలుస్తాయి. మనిషిని చూడటం మాత్రం ఎవరో ఒకరు నేర్పాలి. నాకు నేర్పినవాళ్ళలో ఇద్దరు ముగ్గురి గురించి ఇక్కడ రాస్తున్నాను. అక్కడ మా మాటలు అరబీ, హిందీ కలిసి సాగేవి. రాసేది తెలుగులోనే కాబట్టి వాళ్ళ చేత కూడా తెలుగే మాట్లాడిస్తున్నాను.

ఎక్కమన్న మనిషి

మా వర్క్‌షాపు మస్కట్ పక్కన అల్ ఖౌద్‌లో దుకాణాల వరుసకు వెనక ఉండేది. యజమాని పేరు నాసిర్. అక్కడ యజమానిని అర్బాబ్ అంటారు, మేమూ అదే అనేవాళ్ళం. నేను జట్కా బండ్లకు జీను సామాన్లు కుట్టే ఇంట్లో పుట్టినవాణ్ణి. కుట్టు గురించి నాకెవరూ చెప్పనక్కర్లేదనే ధీమాతో వెళ్ళాను. మొదట నా చేతికిచ్చిన పని, గుర్రం పొట్ట కింద బిగించే పట్టీ. కుట్టి చూపించాను. ఆయన కుట్టు వంక చూడనే లేదు. సాయంత్రం నన్ను గుర్రపుశాలకు తీసుకెళ్ళి, అదే పట్టీ బిగించిన గుర్రాన్ని చూపించి "ఎక్కు" అన్నాడు.

"నేను కుట్టేవాణ్ణి అర్బాబ్, ఎక్కేవాణ్ణి కాదు."

"ఎక్కకపోతే ఎవరికి కుడుతున్నావో నీకెలా తెలుస్తుంది మస్తాన్?"

ఎక్కాను. గుర్రం శాల చుట్టూ తిరిగి వచ్చేసరికి నా పిక్కకు పట్టీ ఎక్కడ ఒరుసుకుంటుందో నాకే తెలిసింది. బకిల్ ఎక్కడ ఉండకూడదో ఆ తర్వాత ఎవరినీ అడగలేదు.

మా అర్బాబ్‌లో దుర్గుణాలకూ కొదవ లేదు. వచ్చిన ప్రతివాడికీ "బుక్రా" అనేవాడు. అంటే రేపు. ఆ రేపులన్నీ మా నెత్తిన పడేవి. కోపం వస్తే కత్తెర గోడకు విసిరేవాడు. వ్యాపారం ఆయన దగ్గర నేర్చుకోవద్దనే చెప్తాను. పని మాత్రం ఆయన దగ్గరే నేర్చుకోవాలి.

సంచీ నిండా ఒరలు

నేను తిరిగి వచ్చేయడానికి కొంతకాలం ముందు, ఒక ఉదయం సైఫ్ గారు వచ్చారు. అరవై దాటిన మనిషి. పొడుగరి. ఆయన కుటుంబం ఒకప్పుడు జాంజిబార్ నుంచి వచ్చి మస్కట్‌లో స్థిరపడింది. ఎడమ చెయ్యి మోచేతి పైనుంచే లేదు. అక్కడి మగవాళ్ళు వేసుకునే పొడుగు అంగీ, దిష్‌దాషా, ఎడమ చెయ్యి మడిచి పిన్ను పెట్టుకున్నారు. కుడి చేత్తో ఒక సంచీ తెచ్చి మా బల్ల మీద బోర్లించారు. అన్నీ తుపాకీ ఒరలే. విదేశాల నుంచి తెప్పించుకున్నవి, కొత్తవి, ఖరీదైనవి. వాటి వెంట మందపాటి నీలం ప్లాస్టిక్‌తో చేసిన రివాల్వర్ నమూనా ఒకటి. ఒరలు కుట్టేవాళ్ళ కోసం తయారయ్యే వస్తువు. పేలదు, తెరుచుకోదు. ఆకారం మాత్రం అచ్చు అసలుదే. దాని గొట్టం జానెడుకు పైగా ఉంది.

"వీటిలో ఏది కొనాలో తెలియక అన్నీ కొన్నాను" అన్నారు. "ఒక్కటీ నాకు కుదరలేదు. ఎందుకు కుదరలేదో చెప్పగలవా?"

అసలు రివాల్వర్ దక్షిణాఫ్రికాలో ఆయన మిత్రుడిది. ఆ మిత్రుడికి అక్కడ పెద్ద ఫారం ఉంది. పంటల మీద పడే అడవి పందుల్ని అనుమతితో వేటాడతారు. ఇద్దరూ వయసులో ఉన్నప్పటి నుంచీ కలిసి వేటాడిన స్నేహం.

నా పక్కన తోలు కోసే సాయన్నది జగిత్యాల వైపు ఊరు. మొదట దుక్మ్ ఓడరేవు సైట్‌లో ఇటుకలు మోసి, ఆ ఎండ పడలేక మా దగ్గర చేరాడు. నోట్లో మాట దాగదు.

"చెయ్యి లేని మనిషికి గీ తుపాకి ఎందుకు భాయ్? ఎట్ల పేలుస్తడు?" అన్నాడు తెలుగులో.

"నోరు ముయ్యప్పా, ఆయప్ప ఈడనే ఉండాడు" అన్నాను.

సైఫ్ గారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "నా చెయ్యి గురించేగా? పరవాలేదు, అడగమను."

తనే చెప్పారు. దుక్మ్ నుంచి వస్తుండగా రోడ్డు మీదికి ఒంటె అడ్డం వచ్చింది. బండి పల్టీ కొట్టింది. ప్రాణం మిగిలింది, చెయ్యి మిగల్లేదు. "రైఫిల్ రెండు చేతులు అడుగుతుంది. ఇది ఒకటే అడుగుతుంది. మణికట్టు కింద ఊతకర్ర పెట్టుకుని దీన్ని పేల్చడం నా మిత్రుడి దగ్గర నేర్చుకున్నాను. కానీ తగిలించుకోవడం, తీయడం, మళ్ళీ పెట్టడం, అన్నిటికీ ఎవరో ఒకరు సాయం పట్టాలి. మా అబ్బాయిలు ఏమంటారో తెలుసా? పనివాడు మోసుకొస్తాడు, పేల్చేటప్పుడు చేతికిస్తాడు అంటారు. అలాగైతే నేను వెళ్ళనే వెళ్ళను."

అర్బాబ్ వెంటనే "బుక్రా" అన్నాడు. నేను ఆయన్ని పక్కకు పిలిచి, ఈ పనికి రేపూ ఎల్లుండీ కుదరవని చెప్పాను. జీవితంలో మొదటిసారి ఆయన నా మాట విన్నాడు.

కూర్చోండి, లేవండి, వంగండి

పిల్లలూ, ఒర ఎంచుకునేటప్పుడు అందరూ తుపాకీని చూస్తారు. మీరు మనిషిని చూడండి. అతను రోజంతా ఎలా ఉంటాడు? నడుస్తాడా, బండిలో కూర్చుంటాడా, కొండ ఎక్కుతాడా? వేటకు వెళ్ళినవాడు తుపాకీ పేల్చేది ఏ ఒక్క క్షణమో. మిగిలిన పొద్దంతా మోయడమే.

సంచీలో వచ్చిన ఒరలను ఒక్కొక్కటే సైఫ్ గారికి తగిలించి చూశాను. వాటిలో ఒకటి చేతి తొడుగంత మెత్తటి తోలు. పట్టుకుంటే హాయిగా ఉంది. నమూనా బయటికి తీయగానే దాని మూతి ముడుచుకుపోయింది. తిరిగి పెట్టాలంటే రెండో చేత్తో మూతి తెరిచి పట్టుకోవాలి. ఆయనకు రెండో చెయ్యి లేదు. ఉన్నవాడికైనా అది మంచిది కాదు. వేళ్ళు గొట్టానికి ఎదురుగా వస్తాయి. కొనేటప్పుడు మెత్తదనం చూసి మోసపోకండి. పెద్ద తుపాకీకి తంగేడు బెరడుతో పదును చేసిన గట్టి తోలు కావాలి. తడిపి, నమూనా మీద అదిమి ఆరబెడితే ఆ ఆకారం పట్టుకుని వదలదు.

కుడి తుంటి మీద పెట్టుకునే ఒర చూడటానికి దర్జాగా ఉంది. "కుర్చీలో కూర్చోండి" అన్నాను. గొట్టం కుర్చీకి తన్నింది, పిడి పక్కటెముకల్లోకి పొడుచుకుంది. బండి సీట్లో అయితే ఇంకా అన్యాయం. పైగా అంత పొడుగు గొట్టం ఒరలోంచి పూర్తిగా రావాలంటే చెయ్యి చంక దాకా లేవాలి.

ఎడమ నడుము మీద పెట్టి కుడి చేత్తో అడ్డంగా తీసే రకం కొంత నయం. కానీ ఆయన తీస్తున్నప్పుడు ఎడమ పక్కన నిలబడి ఉన్న సాయన్న ఒక్కసారిగా వెనక్కి గెంతాడు. "నా కడుపు మీదికెల్లి పోయింది భాయ్!" అన్నాడు. ప్లాస్టిక్ ముక్కే, అయినా అతని భయం సరైనదే. వేటలో దారి చూపే మనిషి ఆ పక్కనే నడుస్తాడు.

చంక కింద వేలాడే రకాన్ని ఎడమ భుజానికి వేశాము. పట్టీ జారిపోయింది. మళ్ళీ వేశాము, మళ్ళీ జారింది. చెయ్యి పోయిన భుజంలో కండ కరిగిపోయి, పెంకుటింటి చూరులా కిందికి వాలి ఉంది. ఆ పట్టీని పైకి లాక్కోవడానికి ఆయన చటుక్కున తల వంచి, తోలును పళ్ళతో పట్టుకున్నారు. వెంటనే వదిలేసి, మా వైపు చూడకుండా కిటికీ వైపు తిరిగారు.

అప్పుడు తెలిసింది నాకు, కుట్టాల్సింది ఏమిటో. పళ్ళ అవసరం లేని ఒర.

మిగిలింది ఛాతీ. రొమ్ము మీద ఏటవాలుగా, పిడి కుడి చేతికి అందేలా, గొట్టం కిందికి. కూర్చున్నా అడ్డురాదు, కొండ ఎక్కినా ఊగదు. ఛాతీ ఒరలు లోకంలో కొత్తేమీ కాదు. ఒక్క చేత్తో వేసుకోగల ఛాతీ ఒర ఎలా ఉంటుందో మాత్రం నేను ఎక్కడా చూడలేదు. ఆ రోజంతా అన్నం తింటున్నా అదే ధ్యాస. రూమ్‌లో ఎడమ చెయ్యి లుంగీలో దోపుకుని చొక్కా వేసుకుని చూశాను. చొక్కా బొత్తాల కంటే ముందు చొక్కా నిలబడకపోవడమే పెద్ద చిక్కు. వేలాడే గుడ్డలోకి చెయ్యి దూరదు. గుర్రం మెడకు వేసే తోలు పట్టెడ గుర్తొచ్చింది. అది దాని ఆకారంలో అదే నిలబడి ఉంటుంది, తల దూరిస్తే చాలు.

రయ్యా వచ్చిన పూట

వీపు మీద పట్టెడలా నిలబడే గట్టి తోలు ముక్క, ఎడమ భుజం కింద జారకుండా మందపాటి ఉన్ని అస్తరు, పక్కన ఒంటె జీనుకు ఉండేలాంటి కొక్కెం, అది వచ్చి పడేందుకు రింగు. ఇవి సగం కుదిరిన రోజున సైఫ్ గారి కూతురు రయ్యా ఒంటరిగా వచ్చింది. మస్కట్‌లోనే ఖురం అనే పేటలో ఒక ఆఫీసులో ఉద్యోగం. తండ్రిని బండిలో తెచ్చి దింపేది ఆమే కాబట్టి నన్ను ఎరుగును.

"అంకుల్, నాకో సాయం చెయ్యాలి. ఇది కుదరదని మా నాన్నకు చెప్పండి. మీరు చెప్తే నమ్ముతారు."

నేను పనిముట్టు కింద పెట్టాను.

"ఆయన ఇంట్లోనే పడిపోతున్నారు" అంది. "వాకిట్లో పడ్డారు, మెట్ల దగ్గర పడ్డారు. మనం పడబోతే చెయ్యి ముందుకు వెళ్తుంది కదా, ఆయనకు ఇంకా లేని చెయ్యే ముందుకు వెళ్తుంది. అలాంటి మనిషి రొమ్ము మీద తూటాలు నింపిన తుపాకీ కట్టి రాళ్ళలోకి పంపమంటారా?"

ఆమె కళ్ళు నిండాయి. నాకూ ఇద్దరు కూతుళ్ళు. సరేనమ్మా అనడం ఎంతో సులువు.

"కుదురుతుందో కుదరదో నాకే ఇంకా తెలీదమ్మా" అన్నాను. "తెలియకుండా కుదరదని ఎట్లా చెప్పేది? ఒక పని చెయ్యి. పరీక్ష పెడదాం. నువ్వే దగ్గరుండి చూడు. ఎక్కడ తప్పుంటే అక్కడ ఆపు. నువ్వు ఆపితే నేనూ ఆపేస్తాను, మీ నాన్నతో కూడా నేనే చెప్తాను."

"నాకు తుపాకుల గురించి ఏమీ తెలీదు."

"మీ నాన్న పడటం గురించి తెలుసు కదా. అది మాకెవరికీ తెలీదు."

ఆమె కాసేపు ఆ సగం కుట్టిన తోలును అటూ ఇటూ తిప్పి చూసింది. ఒప్పుకుందో లేదో చెప్పలేదు. శుక్రవారం బర్కా దగ్గర తమ తోటకు రమ్మని మాత్రం అంది.

బర్కా తోటలో

ఆ లోపు ఒక సంగతి బయటపడింది. నమూనా తేలిక. ఒర దాని మీద చక్కగా కూర్చుంది. అసలు రివాల్వర్ బరువు దానికి ఎన్నో రెట్లు. సాయన్న సీబ్ చేపల మార్కెట్‌కు వెళ్ళి, వలలకు కట్టే సీసం గుళ్ళు తెచ్చాడు. నమూనాకు రంధ్రాలు చేసి సీసం కూరాము. ఆ బరువుతో వేలాడదీసేసరికి అప్పటిదాకా బాగున్న ఒర ముందుకు వాలిపోయింది. అడుగున ఇంకో పట్టీ చేర్చి నడుము బెల్టుకు కలిపాము. మీరు ఏ ఒర కొన్నా, కుట్టినా, ఖాళీగా చూసి సరే అనకండి. పూర్తి బరువుతో ఒక పూట మోయించి చూడండి.

తోటలో ఖర్జూరం చెట్ల మధ్య నీటి కాలువ పారుతోంది. సైఫ్ గారు వచ్చి ఒరను బల్ల మీద నుంచి తీసుకున్నారు. తల దూర్చారు, చెయ్యి దూర్చారు, భుజం ఒకసారి ఎగరేశారు. కొక్కెం రింగులో పడి టిక్కుమంది. ఆయన దాన్ని తీసేసి మళ్ళీ వేసుకున్నారు. ఊరికే, వేసుకోవడం కోసమే.

రయ్యా మాత్రం కరిగిపోలేదు. "కాలువ దాటండి" అంది. దాటారు. "మోకాళ్ళ మీద కూర్చోండి." కూర్చున్నారు. ఆమె చుట్టూ తిరిగి చూసి నన్ను పిలిచింది. "అంకుల్, ఇప్పుడు గొట్టం ఎటు చూస్తోందో చూడండి."

ఆయన ఎడమ మోకాలి వైపు చూస్తోంది. నిలబడినప్పుడు నేలను చూసే గొట్టం, కూర్చున్నప్పుడు మోకాలిని చూస్తుందని మాకెవరికీ తట్టలేదు. ఏటవాలు మార్చి, ఒరను ఇంకాస్త బయటికి తిప్పాలి.

తర్వాత ఆమె అడిగింది మేమెవరమూ ఊహించనిది. "నాన్నా, పడండి."

"ఏమిటీ?"

"ఇసుక మీద పరుపు వేయించాను. పడండి. మీరు పడితే అది ఊడుతుందో లేదో నేను చూడాలి."

సైఫ్ గారు కూతుర్ని తేరిపార చూశారు. ఒక్కసారి నవ్వి, ఎడమ పక్కకు దబ్బున పడ్డారు. లేచారు. మళ్ళీ పడ్డారు. మూడోసారికి, పిడి మీదుగా వచ్చి రివాల్వర్‌ను ఒరలో పట్టి ఉంచే, బొటనవేలితో తెరిచే పట్టీ బొత్తం ఊడి, నీలం నమూనా పరుపు మీదికి జారింది.

"చూశారా!" అంది రయ్యా. ఆమె గొంతులో గెలిచిన సంతోషం లేదు. ఏడుపే ఉంది.

"మంచిదయ్యింది" అన్నాను. "ఇది ఇక్కడ తెలిసింది."

బొత్తం మార్చాము. పట్టీ మధ్యలో పలుచని స్టీలు రేకు పెట్టి కుట్టాము, బొటనవేలు నేరుగా నొక్కితేనే తెరుచుకునేలా. ఒర మూతి చుట్టూ రెండో వరస తోలు వేశాము. తర్వాతి శుక్రవారం మళ్ళీ పరుపు, మళ్ళీ పడటం. ఈసారి పడి పడి ఆయనకే ఆయాసం వచ్చింది కానీ నమూనా కదల్లేదు. అయినా రయ్యా ఇంకో షరతు పెట్టింది. నడిచేటప్పుడు రివాల్వర్‌లో తూటాలు ఉండకూడదు. ఊతకర్ర పాతి నిలబడ్డాకే నింపుకోవాలి. ఆయన గొణిగారు, పంది ఆగి చూస్తుందా అన్నారు. నేను రయ్యా పక్షం చేరాను. ఒర చేయగలిగింది ఒర చేస్తుంది. మనిషి పాటించాల్సింది మనిషే పాటించాలి. ఏ తోలుతోనూ అది కుట్టలేం.

చివరికి ఆయన కుడి చెయ్యి గుండె మీద పెట్టుకుని మాటిచ్చారు.

తిరిగి వచ్చాక

సైఫ్ గారు దక్షిణాఫ్రికా వెళ్ళినన్నాళ్ళూ అర్బాబ్ రోజూ నా బల్ల దగ్గరికి వచ్చి ఏదో వెతుకుతున్నట్టు నిలబడేవాడు. ఫోన్ వచ్చిందా అని మాత్రం అడిగేవాడు కాదు. సాయన్నే అడిగేవాడు. "భాయ్, ఆ సార్ పంది కొట్టిండంటవా?"

ఒక మధ్యాహ్నం సైఫ్ గారు సంచీతో వచ్చారు. రయ్యా బండి పార్క్ చేయడానికి వెళ్ళింది. ఆయన గబగబా చెప్పడం మొదలుపెట్టారు. ఆమె వచ్చేలోగా చెప్పేయాలన్నట్టు.

ఎండిన వాగులో పంది జాడ వెంట వెళ్తున్నారట. ముందు ఆ ఫారం మిత్రుడు, వెనక ఈయన. కాలి కింద గుండ్రాయి కదిలింది. రొమ్ము కొట్టుకునేలా బోర్లా పడి, కింది బండ దాకా దొర్లారు. మిత్రుడు పరిగెత్తుకుంటూ వచ్చి చెయ్యి అందించబోయాడు.

"ఆగమన్నాను. ముందు రొమ్ము తడుముకున్నాను. ఉంది. ఎక్కడిదక్కడే ఉంది. తూటాలు నా జేబులో ఉన్నాయి. అప్పుడు నిదానంగా, నా అంతట నేనే లేచాను. బండ మీద కూర్చుని దాన్ని బయటికి తీసి, తుడిచి, మళ్ళీ లోపల పెట్టాను. ఒర మూతి ముడుచుకోలేదు, తెరుచుకునే ఉంది మస్తాన్. నా స్నేహితుడు అలా చూస్తూ నిలబడ్డాడు."

"మరి పంది?" అన్నాడు సాయన్న ఉండబట్టలేక, వచ్చీరాని హిందీలో.

"పందా? నేను పడిన చప్పుడుకు అది పక్క జిల్లాకు పోయి ఉంటుంది" అని ఆయన పగలబడి నవ్వారు. వెంటనే గొంతు తగ్గించారు. "పడిన సంగతి రయ్యాకు చెప్పలేదు. మీరూ చెప్పకండి. పంది దొరకలేదని మాత్రమే చెప్పాను."

తలుపు తెరుచుకుంది. రయ్యా వచ్చి, అందరినీ పలకరించి, తండ్రి తెచ్చిన సంచీలోంచి ఒరను తీసింది. నూనె పట్టించాలని తెచ్చారట. ఆమె దాన్ని వెలుతురులోకి తిప్పింది. ముందు భాగం మీద పొడుగునా రాతి గీతలు, ఒక చోట తోలు చెక్కుకుపోయి ఉంది. వేలితో ఆ గీతల వెంట నెమ్మదిగా రాసింది. బొత్తం దాకా వచ్చి ఆగింది. నొక్కి చూసింది. గట్టిగానే ఉంది.

సైఫ్ గారు కిటికీ లోంచి రోడ్డు మీది బళ్ళను చూస్తున్నారు. అర్బాబ్ కత్తెర వెతుకుతున్నాడు. సాయన్న తోలు ముక్కలు ఏరడంలో మునిగిపోయాడు.

"అంకుల్, ఈ గీతలు పాలిష్ పెడితే పోతాయా?" అంది.

"చాలావరకు పోతాయమ్మా."

ఆమె తండ్రి వీపు వంక చూసింది. తర్వాత ఒరను నా చేతుల్లో పెట్టింది.

"వద్దు. నూనె మాత్రం పట్టించండి. వచ్చే ఏడాదికి మళ్ళీ కావాలి కదా."